వర్టస్ జీటీ ఇచ్చేసి వెర్నా టర్బో తీసుకోవచ్చా?

ప్రశ్న: 2022 ఆగస్టులో ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్ ఆటోమేటిక్ కొన్నాను. ఇప్పటికి 52,000 కి.మీ. తిరిగింది, పెద్ద రిపేరేదీ రాలేదు. వారానికోసారి తాడిపత్రి, నెలకోసారి బెంగళూరు, మిగతా రోజుల్లో అనంతపురం ఊళ్లోనే. నా భార్య కూడా నడుపుతుంది కాబట్టి ఆటోమేటిక్ తప్పదు. ఈ ఆగస్టుతో కంపెనీ వారంటీ అయిపోతుంది. ఆ తర్వాత డీఎస్‌జీ గేర్‌బాక్స్ పోతే లక్షల్లో బిల్లు వస్తుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఈ మధ్య రోడ్డు శబ్దం కూడా ఎక్కువైనట్టుంది. హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బో డీసీటీ మీదికి మనసు పోతోంది. పవర్ ఎక్కువ, ఏడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) కూడా ఉంది. షోరూమ్‌వాళ్లు నా కారుకు 10.40 లక్షలు, పైన 40 వేలు ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తామన్నారు. కొత్త కారు ఆన్‌రోడ్ 20.60 లక్షలు. బయట ఒకాయన నా కారు 11.25 లక్షలకు అడుగుతున్నాడు. పాత లోన్ ఇంకా 3.10 లక్షలుంది. వారంటీ ఉండగానే మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: వద్దు, ఇప్పుడైతే మార్చకండి. మీరు భయపడుతున్న విషయం ఏదో, అది కొత్త కారులోనూ చాలావరకు అలాగే ఉంది. మీరు ఆశపడుతున్న పవర్ తేడా నడిపేటప్పుడు తెలిసేంత లేదు. ఏడాస్ ఒక్కటే నిజంగా కొత్తగా వచ్చేది. దానికోసం ఇంత డబ్బు పెట్టాలా అన్నదే అసలు ప్రశ్న.

ముందు గేర్‌బాక్స్ సంగతి. మీ కారులో ఉన్న డీఎస్‌జీ, డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5, 7 గేర్లను నడుపుతుంది, రెండోది 2, 4, 6 గేర్లతో పాటు రివర్స్‌ను నడుపుతుంది. ఒక గేరులో పోతుండగానే తర్వాతి గేరు రెండో క్లచ్ మీద సిద్ధంగా ఉంటుంది కాబట్టే గేరు మారింది తెలియనంత చురుగ్గా మారుతుంది. డ్రై అంటే ఈ క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండవు. కారు నిదానంగా పాకుతున్నప్పుడు క్లచ్ సగం పట్టి సగం జారుతుంది, ఆ రాపిడిలో వేడి పుడుతుంది. ఆ వేడిని మోసుకుపోయే ఆయిల్ లేదు. ప్లేట్లే వేడెక్కి, మళ్లీ గాలికే చల్లారాలి. మే నెలలో మన ఎండ నలభై దాటినప్పుడు, సాయంత్రం సుభాష్ రోడ్డులో ఆటోల వెనక అడుగడుగునా పాకితే చల్లారే సందు దొరకదు. ఇలా ఏళ్ల తరబడి నడిస్తే ప్లేట్ల పైతలం నునుపుదేలి, మొదటి గేరులో కదిలేటప్పుడు, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు మొదలవుతుంది.

ఇప్పుడు వెర్నా టర్బో చూడండి. దాని ఏడు గేర్ల డీసీటీ కూడా డ్రై డ్యూయల్ క్లచ్చే. అదే ఎండ, అదే పాకుడు, అదే రాపిడి. ఒక తేడా మాత్రం ఉంది, అది వెర్నాకు మేలు చేసేదే. డీక్యూ200లో క్లచ్‌లను, గేర్లను కదిలించేది మెకట్రానిక్ యూనిట్. ఆయిల్ పంపు, ప్రెషర్ నిలవచేసే అక్యుములేటర్, వాల్వులు, కంప్యూటర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. జనం భయపెట్టే పెద్ద బిల్లు సాధారణంగా దీనిదే. హ్యుందాయ్ డ్రై డీసీటీలో ఆ పని ఎలక్ట్రిక్ మోటార్లు చేస్తాయి, హైడ్రాలిక్ గొడవ ఉండదు. ఆ మేరకు ఒక భయం తగ్గుతుంది. క్లచ్ ప్లేట్ల అరుగుదల మాత్రం రెండింటికీ ఒకటే. పైగా కొత్త కారు ఆ అరుగుదలను మొదటి నుంచి మొదలుపెడుతుంది, పాతదాని అలవాట్లతోనే నడిపితే నాలుగేళ్లకు మళ్లీ ఈ ఉత్తరమే రాయాల్సి వస్తుంది.

పవర్ విషయం రెండు మాటల్లో తేలిపోతుంది. మీ 1.5 టీఎస్‌ఐ ఇంజిన్ పవర్ 150 పీఎస్, టార్క్ (చక్రాలను తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్లు. వెర్నా టర్బో 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. పది పీఎస్‌ల తేడా పైస్థాయి ఆర్‌పీఎంలోనే కనబడుతుంది. బాగేపల్లి దాటాక లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మీకు పనికొచ్చేది మధ్య ఆర్‌పీఎంలోని టార్క్. అక్కడ రెండూ సమానమే. టెస్ట్ డ్రైవ్‌లో వెర్నా ఎక్కువ ఉరికినట్టు అనిపిస్తే, కొంత యాక్సిలరేటర్ ట్యూనింగ్ వల్ల, కొంత టైర్లు కొత్తవి కావడం వల్ల. మీది ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో పెట్టి ఆ వెంటనే నడిపి చూడండి.

వేగం చాలక మీ కారునే రీమ్యాప్ చేయించుకుందామన్న (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి పవర్ పెంచుకుందామన్న) ఆలోచన ఎక్కడైనా ఉంటే వదిలేయండి. డీక్యూ200 మోయగలిగిన టార్క్ 250 న్యూటన్ మీటర్లు. మీ ఇంజిన్ కంపెనీ నుంచే సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది. రీమ్యాప్ చేస్తే వారంటీ పోతుంది, మీరు దేనికి భయపడుతున్నారో అది తొందరగా వస్తుంది.

ఇక డబ్బు. షోరూమ్ లెక్క ప్రకారం మీ కారుకు 10.80 లక్షలు. అందులో పాత లోన్ 3.10 పోతే చేతికి మిగిలేది 7.70. కొత్త కారు 20.60 కాబట్టి 12.90 లక్షలు లోన్ కావాలి. 9 శాతం వడ్డీకి అయిదేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ సుమారు 26,800. అయిదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 3.17 లక్షల దాకా వస్తుంది. డీఎస్‌జీ మెకట్రానిక్ వారంటీ లేకుండా మార్చాల్సి వస్తే పనిని బట్టి లక్ష పైనుంచి రెండు లక్షల పైచిలుకు దాకా కావచ్చు. అంటే రావచ్చు, రాకపోవచ్చు అన్న బిల్లును తప్పించుకోవడానికి, ఖచ్చితంగా కట్టే వడ్డీ రూపంలోనే అంతకంటే ఎక్కువ ఇస్తున్నారు. రెండు కార్ల ధరల మధ్య తేడాగా పోయే 9.80 లక్షలు ఇంకా వేరే.

ఆ 20.60లో ఏమేముందో విడివిడిగా రాసివ్వమని అడిగారో లేదో రాయలేదు. ఎక్స్-షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, టీసీఎస్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, ‘హ్యాండ్లింగ్’ అని ఒక పద్దు ఉంటే అది కూడా. పాత కారుకు మీరు కట్టిన లైఫ్ ట్యాక్స్ ఆ కారుతోనే పోతుంది, కొత్తదానికి మళ్లీ మొత్తం కట్టాలి. మళ్లీ అమ్మేటప్పుడు ఆ డబ్బు మీకెవరూ తిరిగివ్వరు. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు, అది మీ పాన్ మీద జమై ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఖర్చు కింద లెక్కేయనక్కర్లేదు. హ్యాండ్లింగ్ అన్న పద్దు మాత్రం మొహమాటం లేకుండా కొట్టేయించండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. బయట రెండు కొటేషన్లు తెచ్చి చూపిస్తే అక్కడే తగ్గిస్తారు.

మీ కారుకు ఇస్తామన్న ధర తక్కువనిపించి బాధపడుతున్నారేమో. దానికి కారు తప్పేమీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ తరగతి సెడాన్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి 45 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గిన మేరకు పాత కారు ధర కూడా దిగుతుంది. దానికితోడు షోరూమ్‌వాళ్లు మీ కారు తిరిగి అమ్మినప్పుడు వచ్చే లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, దాన్ని ముందే మీ ధరలోంచి తీసేస్తారు. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మితే ఈ పన్ను లేదు. బయటివాడు 45 వేలు ఎక్కువ ఇవ్వగలుగుతున్నది కొంత అందుకే.

సరే, ఉంచుకుంటే ఏం చేయాలి? ఇక్కడే మీరు కాస్త శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఆగస్టు లోపు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. గడువు దాటితే ఇవే పనులు డబ్బు పెట్టి చేయించుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఒక మధ్యాహ్నం కారును అరగంట ఊళ్లో తిప్పి, బాగా వేడెక్కాక గమనించండి. టవర్ క్లాక్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కే చోట వాహనాలు నిలిచినప్పుడు, ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు స్టీరింగ్‌లోకి, సీటులోకి వణుకు వస్తుందా? రివర్స్‌లో నిదానంగా ఎత్తు ఎక్కిస్తే గుంజినట్టుందా? మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు వెనకనుంచి ఎవరో తోసినట్టు తగులుతుందా? పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇవేవీ కనబడవు, సర్వీస్ సెంటర్‌లో కారు ఇచ్చేది పొద్దునే కాబట్టి ‘ఏమీ లేదు సార్’ అన్న జవాబు వస్తుంది. అందుకని టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వేడి మీదే నడిపి చూపించండి. వణుకు ఉంటే క్లచ్ అడాప్టేషన్ విలువలు (క్లచ్ అరుగుదలకు తగ్గట్టు కంప్యూటర్ సర్దుకున్న లెక్కలు), గేర్‌బాక్స్ ఫాల్ట్ కోడ్‌లు చదివించి, బేసిక్ సెట్టింగ్ (ఆ లెక్కలు మళ్లీ సరిచేయడం) చేయించమని అడగండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

సర్దుకున్నా సర్దుకోకపోయినా ఒకటి మరవకండి. మీరు చెప్పిన ఫిర్యాదు జాబ్ కార్డు మీద మీ మాటల్లోనే ఎక్కాలి: ‘వేడెక్కాక మొదటి గేరులో వణుకు’ అని, తేదీ, కిలోమీటర్లతో సహా. నోటిమాటగా చెప్పింది వారంటీ కిందికి రాదు. వారంటీలో ఉండగా రాయించిన ఫిర్యాదు తర్వాత ముదిరితే, అది పాత సమస్యేనని మీరు వాదించడానికి కాగితం ఉంటుంది. ఏసీ, సన్‌రూఫ్, స్క్రీన్, పవర్ విండోలు వేటిలో ఏ చిన్న తేడా ఉన్నా ఇదే విజిట్‌లో రాయించేయండి.

తర్వాత ఎక్స్‌టెండెడ్ వారంటీ. మీ స్టాండర్డ్ వారంటీ 4 ఏళ్లు లేదా 1 లక్ష కి.మీ., ఏది ముందైతే అది. మీకు కిలోమీటర్లు బోలెడు మిగిలి ఉన్నాయి, కాలమే అయిపోతోంది. పొడిగింపు ఆ గడువు లోపలే కొనాలి. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా అడగండి. మెకట్రానిక్ యూనిట్ కవర్ అవుతుందా? క్లచ్ ప్లేట్లు కవర్ అవుతాయా, లేక అరుగుదల వస్తువు కింద తీసేశారా? మొదటిదానికి ‘అవును’ అని వస్తే తీసుకోండి, రెండోదానికి ‘కాదు’ అని వచ్చినా ఫరవాలేదు. మొదటిదానికే నీళ్లు నములుతుంటే ఆ పాలసీ మీకు దండగ. ఒక షరతు ఏంటంటే సర్వీసులన్నీ అధీకృత సెంటర్‌లోనే, ఏడాది లేదా 15,000 కి.మీ. దాటకుండా జరిగి ఉండాలి. మధ్యలో ఒకటి ఆలస్యమై ఉంటే ముందే కనుక్కోండి.

రోడ్డు శబ్దం పెరిగిందన్నారు. 52,000 కి.మీ. తిరిగిన టైర్లు ఇంకా కంపెనీవే అయితే, శబ్దానికి ముందుగా అనుమానించాల్సింది వాటినే. రబ్బరు గట్టిపడుతుంది, తాడిపత్రి రోడ్డులో లారీలు చెడగొట్టిన గరుకు తారు మీద మోత పుడుతుంది. టైరు మీద అరచేయి పెట్టి ముందుకీ వెనక్కీ రాయండి. ఒకవైపు నునుపుగా, మరోవైపు రంపంలా తగిలితే అరుగుదల మెట్లు మెట్లుగా ఉన్నట్టు; అలైన్‌మెంట్ తప్పినా, షాక్ అబ్జార్బర్లు బలహీనపడినా ఇలాగే అరుగుతాయి. మీ సైజు 205/55 ఆర్16. మంచి కంపెనీ టూరింగ్ టైర్లు నాలుగూ కలిపి 32 నుంచి 40 వేల మధ్య వస్తాయి. అవి వేయించి, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించి బెంగళూరు ఒకసారి పోయిరండి. గతుకుల్లో ముందుచక్రాల దగ్గర టకటక వినిపిస్తే లింక్ రాడ్లు, బుష్‌లు చూపించండి, అవి పెద్ద ఖర్చు కావు. వెర్నా సైజు కూడా ఇదే 205/55 ఆర్16. టెస్ట్ డ్రైవ్‌లో అది నిశ్శబ్దంగా అనిపించిందంటే అందులో కొత్త టైర్ల వాటా ఎంతో తీసేసి ఆలోచించండి.

రాబోయే రెండేళ్లలో ఇంకా ఏం ఖర్చులుంటాయి? బ్యాటరీ ఒకటి. స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ తానే ఆగి, తానే స్టార్టయ్యేది) ఉన్న కారు కాబట్టి మామూలు బ్యాటరీ పెట్టకూడదు, ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ, దానికోసమే చేసిన రకం ఉండాలి. మన ఎండకు నాలుగో ఏడు దాటాక అది ఎప్పుడైనా చేతులెత్తేయవచ్చు, బెంగళూరు ప్రయాణానికి ముందు లోడ్ టెస్ట్ చేయించండి. స్పార్క్ ప్లగ్‌లు, బ్రేక్ ప్యాడ్లు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్. ఎక్స్‌టెండెడ్ వారంటీ, టైర్లు, ఇవన్నీ కలిపినా మామూలు సర్వీసులు పోను లక్ష, లక్షన్నరలో తేలుతుంది. మీ ఈఎంఐ లెక్కలో అది నాలుగు నుంచి ఆరు నెలల మొత్తం.

నడిపే తీరు కూడా మార్చుకోవాలి, ఇంట్లో ఇద్దరూ. ట్రాఫిక్‌లో ముందు బండి అడుగు కదలగానే మీరూ అడుగు కదలొద్దు. రెండు కార్ల సందు పడేదాకా బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచండి, అలా తొక్కినప్పుడు క్లచ్ విడిపోయి ఉంటుంది. బ్రేకు సగం వదిలి పాకించడమే ప్లేట్లను తినేది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టొద్దు. మరీ పాకాల్సి వస్తే మాన్యువల్ మోడ్‌లో మొదటి గేరులో ఉంచండి, ఒకటికీ రెండుకీ మధ్య ఊగిసలాట తప్పుతుంది. పార్క్ చేసేటప్పుడు బ్రేకు తొక్కి ఉంచి, ముందు హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆ తర్వాత పీలో పెట్టాలి. గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వస్తే నీడ పట్టున ఆపి, పీలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే కొన్ని నిమిషాలు వదిలేయండి.

ఏడాస్ గురించి. నాలుగు వరుసల ఎన్‌హెచ్44 మీద వెర్నా డీసీటీకి ఉన్న అడాప్టివ్ క్రూజ్ నిజంగా సుఖం. ముందు బండితో దూరం తానే చూసుకుంటుంది, కాలికి అలసట ఉండదు. నెలలో నాలుగైదు సార్లు బెంగళూరు పోయేవాళ్లకైతే ఇదొక్కటే కారు మార్చడానికి సరిపోయే కారణం అని ఒప్పుకుంటాం. మీరు పోయేది నెలకోసారి. మిగతా మీ దారి తాడిపత్రి రోడ్డు. ఎదురుగా రాంగ్ రూట్‌లో మోటార్‌సైకిల్, దీపం లేని ట్రాక్టర్, పొద్దుగూకితే గొర్రెల మంద, పంట నూర్పిళ్ల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన కందికంప. అక్కడ లేన్ గీతలే సరిగా ఉండవు, లేన్ అసిస్ట్ మీరే ఆపేస్తారు. ఆటోమేటిక్ బ్రేక్ మంచిదే, కానీ అది గట్టిగా పడినప్పుడు వెనక ఇసుక లారీ ఎంత దగ్గరగా ఉందో దానికి తెలియదు. బంపర్‌కు చిన్న దెబ్బ తగిలినా రాడార్ క్యాలిబ్రేషన్ మళ్లీ చేయించాలి, ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయని కవర్) తప్పనిసరి అవుతుంది.

భద్రత కోసమే అయితే రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో 5 స్టార్లు తెచ్చుకున్నవే, రెండూ 2023లోనే. వెర్నా టర్బోకు వెనక కూడా డిస్క్ బ్రేకులున్నాయి, మీ కారుకు డ్రమ్ములు. గువ్వలచెరువు ఘాట్ వారం వారం దిగేవారైతే ఇది చెప్పుకోదగ్గ తేడా. గ్రౌండ్ క్లియరెన్స్‌లో మీది మెరుగు: ఖాళీ కారుకు 179 మి.మీ., వెర్నాకు 165. అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేసి, ఊరి మధ్య సిమెంటు స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ఆ 14 మి.మీ. విలువ తెలుస్తుంది. వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చునేదుంటే వాళ్లను షోరూమ్‌కు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. వెర్నా పైకప్పు వెనక్కి బాగా వాలి ఉంటుంది, పొడుగువాళ్లకు తల దగ్గర ఇరుకవుతుంది.

మరో దారి ఏదైనా ఉందా అంటే, స్కోడా స్లావియా 1.5 అడగొద్దు. ఇంజిన్, గేర్‌బాక్స్, కింది ప్లాట్‌ఫాం మీ కారువే. ఆటోమేటిక్ కావాలి, డ్యూయల్ క్లచ్ వద్దు అంటే వర్టస్ 1.0లో టార్క్ కన్వర్టర్ (ఆయిల్ ద్వారా శక్తిని అందించే రకం), మామూలు వెర్నా 1.5లో ఐవీటీ (విడివిడి గేర్లు లేని సీవీటీ రకం) ఉన్నాయి, కానీ జీటీ నడిపిన కాలికి రెండూ చప్పగా ఉంటాయి. అదే బడ్జెట్‌లో పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ ఎక్కడో కనబడి మనసు లాగుతుంది, దాని డీఎస్‌జీ ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ రకం కూడా. అయినా నేలకు అంత దగ్గరగా ఉండే ఎత్తుకు, పక్కగోడ తక్కువున్న ఆ టైర్లకు తాడిపత్రి రోడ్డు సరిపడదు. ఇంట్లో రెండో కారు ఉన్నవాళ్ల సరదా అది.

ఇంత చెప్పినా మార్చాల్సిన పరిస్థితులు లేకపోలేదు. సర్వీస్ కోసం ప్రతిసారీ ఒక రోజు సెలవు పెట్టి దూరం పోవాల్సి వస్తోందా, మీ పని మారి రోజూ ఊళ్లో గంటల తరబడి ట్రాఫిక్‌లో ఉండాలా, వేడి మీద చూసిన టెస్ట్‌లో వణుకు బాగా కనబడి ఎక్స్‌టెండెడ్ వారంటీలో మెకట్రానిక్ లేదని చెప్పారా. వీటిలో ఒక్కటి నిజమైనా మార్చడం తప్పు కాదు. అప్పుడు టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీద, మీ టైములో అడగండి. సాయంత్రం ఆరింటికి సప్తగిరి సర్కిల్ నుంచి సుభాష్ రోడ్డు మీదుగా పాకించి, ఆ వేడి మీదే రాప్తాడు వైపు హైవే ఎక్కించండి. షోరూమ్ వెనక ఖాళీ రోడ్డులో పది నిమిషాలు తిప్పి ఇచ్చేది లెక్కలోకి రాదు. మీ భార్య కూడా నడపాలి, ముఖ్యంగా రివర్స్‌లో.

అమ్మేది బయటాయనకే అమ్మండి, 45 వేలు చిన్న మొత్తం కాదు. కానీ ఆయన డబ్బులో 3.10 లక్షలు నేరుగా మీ లోన్ ఖాతాకే వేయించండి. ముందుగా బ్యాంకు నుంచి క్లోజర్ మొత్తం రాతలో తీసుకోండి, ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటే అందులో తెలుస్తుంది. లోన్ తీరాక బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి లోన్ తీసేయించే ఫారం 35 ఇస్తుంది. అమ్మకానికి ఫారం 29, 30. కొనేవాడు కర్ణాటక వాడైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ కూడా. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది, అది చేయొద్దు. కొనేవాడి పేరు, తేదీ నింపాకే సంతకం చేయండి. కారు మీద ఉన్న పాత చలాన్లు ముందే చూసి కట్టేయండి. రెండో తాళం, సర్వీస్ రికార్డులు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ సిద్ధంగా ఉంటే బేరంలో కోత తగ్గుతుంది. రెండో తాళం లేకపోతే మాత్రం బేరం అక్కడే దిగుతుంది. బెంగళూరులో డెమో కారు చౌకగా వస్తోందని ఎవరైనా అంటే, కర్ణాటక రిజిస్ట్రేషన్ కారుకు ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలన్నది కలిపి చూడండి, చౌకతనం చాలావరకు ఎగిరిపోతుంది.

ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయలేదనుకుంటే మీ నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) ఇప్పుడు 35 శాతం ఉండాలి, ఆగస్టు రెన్యువల్‌కు అది 45 అవుతుంది. ఆ బోనస్ కారుది కాదు, మీది. అమ్మినప్పుడు పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త కారు పాలసీకి వాడుకోవచ్చు. ఇది చెప్పకపోతే షోరూమ్‌వాళ్లు తమంతట తాము అడగరు.

కారు అప్పగించే రోజు తేదీ, సమయం, కిలోమీటర్లు రాసి ఇద్దరూ సంతకం చేసిన డెలివరీ నోట్ ఫొటో తీసి పెట్టుకోండి. మీ వైపు నుంచి బదిలీ సమాచారం 14 రోజుల్లో రవాణా శాఖకు చేరాలి. అద్దం మీది ఫాస్టాగ్ పీకి, బ్యాంకులో క్లోజ్ చేయించండి. ఆర్‌సీ కొత్త పేరుకు మారిందో లేదో నెల తర్వాత ఆన్‌లైన్‌లో చూసేదాకా ఆ కాగితాలు పారేయకండి.